నీళ్ల అడుగు నుంచి వచ్చే కబురు

మా కోయ భాషలో నీళ్లను ఏరు అంటాం. కుండలో ఉన్నవీ ఏరే, చెలమలో ఊరేవీ ఏరే. తెలుగులో ఏరు అంటే పారే వాగు అని బడికి పోయిన తర్వాతే తెలిసింది. ఒకటో తరగతిలో దాహమై "ఏరు తాగొస్తం సార్" అంటే తరగతంతా నవ్వింది. "ఏరంతా తాగుతవారా?" అన్నాడు సారు. ఆయన మంచివాడే, ఎగతాళికి అనలేదు. కానీ ఆ రోజు నుంచి బడిలో దాహమైనా అడగడం మానేశాం. ఇది మా ఒక్కరి సంగతి కాదు. మా ఏజెన్సీలో చదువుకున్న ప్రతివాళ్లకూ ఇలాంటి మాట ఒకటి లోపల ఉంటుంది.

మేము అంటే ఇద్దరం. ఈ రాసేవాడు, ఇంటామె. ఇద్దరిదీ ఏటూరునాగారం వైపు గోదావరి ఒడ్డు. ఇద్దరం ఉపాధ్యాయ శిక్షణ డిప్లొమా చదివాం. డీఎస్సీ రెండుసార్లు రాశాం, రెండుసార్లూ తప్పింది. పాశమైలారంలో ఒక కంపెనీలో పనిచేసే మా బావమరిది "ఇక్కడ బళ్లల్ల సార్లకు కొదవున్నది, రాండ్రి" అని పిలిస్తే సంగారెడ్డి జిల్లాకు వచ్చిపడ్డాం. ఆరు నెలలుండి పోదామనుకున్నాం. పదిహేనేళ్లు దాటింది. కంపెనీ కూలీల పిల్లలు చదివే చిన్న బడి మాది. ఒడిశా, బీహార్, ఉత్తరప్రదేశ్, నారాయణఖేడ్ తండాలు, పాలమూరు, శ్రీకాకుళం, ఇలా ఒక్క తరగతిలో ఆరేడు భాషలు వినిపిస్తాయి.

వచ్చిన కొత్తలో ఒక ఆదివారం నక్కవాగు చూడ్డానికి పోయాం. వాగు అన్నారు కదా, కాసేపు ఒడ్డున కూర్చోవచ్చని పోయాం. నీళ్లు కల్లు రంగులో ఉన్నాయి. పైన నురుగు తెల్లగా అట్టలు అట్టలుగా తేలుతోంది. మేము పుట్టిన ఊళ్లో నురుగు వానకాలం కొత్త నీళ్లప్పుడు వచ్చి రెండు రోజుల్లో పోతుంది. ఇక్కడ పోవడం లేదు. ఒడ్డు దగ్గర బుడగలు కూడా లేస్తున్నాయి. మా ఆవిడ మురిసిపోయి "చేపలు!" అంది. పక్కన మేకలు కాసే పెద్దాయన మమ్మల్ని ఎగాదిగా చూసి, "ఏ ఊరు బిడ్డా మీది? చేపలు సచ్చి ఏండ్లాయె. అది కుళ్లు ఉడుకుతున్నది" అన్నాడు.

ఆ మాట విన్న రోజే మేము బుడగల గురించి ఆలోచించడం మొదలుపెట్టాం. మా ఊళ్లో బుడగ అంటే కబురు. కింద ఎవరో ఉన్నారని చెప్పే కబురు. ఒక్కొక్కటిగా ఒకే చోట లేస్తే తాబేలు, వరుసగా జరుగుతూ లేస్తే బురద తవ్వుకుంటూ పోయే చేప, ఇలా మా తాత చూపించేవాడు. ఇక్కడి బుడగ చెప్పే కబురు వేరు. అడుగున పేరుకున్న కుళ్లులో గాలి చొరదు. ఆక్సిజన్ లేకుండా బతికే సూక్ష్మజీవులు ఆ కుళ్లును తిని మీథేన్ వదులుతాయి, గంధకం ఉంటే కుళ్లిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతాయి. కింద ఎవరూ లేరని చెప్పే బుడగ అది.

నురుగు సంగతి కూడా పిల్లలకు తర్వాత చెప్పాం. మంచి నీళ్లలో బుడగ పైకి రాగానే పగిలిపోతుంది. దాని పొర నుంచి నీరు జారిపోతుంది, పొర పలచబడుతుంది, తెగుతుంది. సబ్బులాంటి పదార్థం కలిస్తే ఆ పొర తెగకుండా నిలబడుతుంది. కాబట్టి వాగు మీద నురుగు గంటలకొద్దీ నిలిచిందంటే నీళ్లలో ఇంకేదో ఉందని అర్థం. దీనికి ప్రయోగశాల అక్కర్లేదు. ఒక సీసాలో బోరునీళ్లు, ఒక సీసాలో చిటికెడు సర్ఫు కలిపిన నీళ్లు పోసి, రెండూ గట్టిగా ఊపి బల్ల మీద పెట్టి చూస్తే చాలు.

ఈ ప్రాంతం చరిత్ర పిల్లలకు చెప్పకుండా నీళ్ల పాఠం చెప్పలేం. 1970ల నుంచి ఇక్కడ కంపెనీలు లేచాయి. 1980లో ఇందిరాగాంధీ మెదక్ నుంచి పార్లమెంటుకు గెలిచారు. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, కాజిపల్లి, గడ్డపోతారం పేర్లు మందుల కంపెనీల పేర్లతో కలిసిపోయాయి. పని దొరికింది, అది అబద్ధం కాదు, మా బావమరిది ఇల్లు కట్టింది ఆ పనితోనే. చెరువులు, బావులు పాడయ్యాయి, అదీ అబద్ధం కాదు. 1990లో ఈ కాలుష్యం మీద సుప్రీంకోర్టులో కేసు పడింది. పటాన్‌చెరులో వైద్యం చేసే డాక్టర్ ఎ. కిషన్‌రావు దశాబ్దాల పాటు దీని మీద పోరాడారు. 2007లో స్వీడన్ పరిశోధకుడు యోకిమ్ లార్సన్, ఆయన తోటివాళ్లు ఒక పరిశోధన అచ్చువేశారు. పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి శుద్ధి చేసి వదిలిన నీళ్లలోనే సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని అందులో తేలింది. ఆ అంకె ఎంతో పిల్లలకు ఎలా చెప్పాలా అని చాలా రోజులు తన్నుకున్నాం. చివరికి ఇలా చెప్పాం: మామూలు ఎండ ఉన్న రోజు మంచి చెరువు నీళ్లలో కరిగి ఉండే ఆక్సిజన్ లీటరుకు 8 మిల్లీగ్రాములు. చేప బతికేది ఆ ఎనిమిది మీదే. ఆ నీళ్లలో చేప పీల్చుకోవాల్సిన గాలికన్నా దాదాపు నాలుగు రెట్ల మందు ఉంది.

ఇంకో సంగతి మాకు ఆలస్యంగా తట్టింది. పటం గీస్తుంటే తట్టింది. నక్కవాగు మంజీరలో కలుస్తుంది. మంజీర నిజాంసాగర్ మీదుగా పోయి గోదావరిలో కలుస్తుంది. గోదావరి మా ఊరి ముందు నుంచి పారుతుంది. ఇంత దూరం వచ్చామనుకున్నాం గానీ, ఎగువకు వచ్చామంతే.

మా తాత సంగతి చెప్పాలి. ఆయన తెప్ప మీద పోయేటప్పుడు అప్పుడప్పుడు తెడ్డు నీళ్లలో నిలువుగా ముంచి, పైకొనకు చెవి ఆనించి కళ్లు మూసుకునేవాడు. ఏం వినిపిస్తుంది తాతా అంటే, "కిందోళ్ల మాటలు" అనేవాడు. మాకు చెవి పెట్టమనేవాడు. నిజంగానే వినిపించేది. గులకరాళ్లు దొర్లే టకటకలు, చాలా దూరాన ఇంకో తెప్ప తెడ్డు దెబ్బ. చెవి తీసేస్తే ఏమీ ఉండదు, గాలి చప్పుడే.

శిక్షణ కళాశాలలో ధ్వని పాఠం నడుస్తున్నప్పుడు ఈ సంగతి చెప్పాం. పాఠం చెప్పే సారు నవ్వాడు. "చేపల మాటలు వింటారటయ్యా అడవిలో" అన్నాడు. తరగతి మళ్లీ నవ్వింది. ఒకటో తరగతిలో నవ్వినవాళ్లకు ఆరేళ్లు, వీళ్లకు ఇరవై. అంతే తేడా. మేము కూర్చుండిపోయాం. ఆ తర్వాత చాలా ఏళ్లకు ఒక పాత పుస్తకంలో చదివాం. అయిదు వందల ఏళ్ల కిందట ఇటలీలో లియొనార్డో డావించీ, నీళ్లలోకి గొట్టం ముంచి పైకొన చెవికి పెట్టుకుంటే దూరాన పోయే ఓడల చప్పుడు వినొచ్చని రాసుకున్నాడట. మా తాత తెడ్డు, ఆయన గొట్టం. సారు ఆ పుస్తకం చదివి ఉంటే నవ్వేవాడు కాదేమో. లేదా లియొనార్డోకు దండం పెట్టి మా తాతను చూసి నవ్వేవాడేమో, చెప్పలేం.

సంగతి ఏమిటంటే, చప్పుడుకు నీళ్లు గాలికన్నా మంచి దారి. గాలిలో చప్పుడు సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. నీళ్లలో సుమారు 1,480 మీటర్లు, నాలుగు రెట్లకు పైగా. దీన్ని 1826లో స్విట్జర్లాండ్‌లో జెనీవా సరస్సు మీద కొలాడన్, స్టర్మ్ అనే ఇద్దరు కొలిచారు. ఒక పడవ నుంచి నీళ్లలోకి గంట దించారు. గంట కొట్టిన క్షణంలోనే పైన మందుగుండు భగ్గుమనేలా ఏర్పాటు చేసుకున్నారు. పదమూడు కిలోమీటర్లకు పైగా దూరంలో రెండో పడవ. అందులో కూర్చున్నాయన నీళ్లలోకి ముంచిన గొట్టానికి చెవి పెట్టి, మంట కనిపించిన దగ్గర్నుంచి గంట వినిపించే దాకా లెక్కపెట్టాడు. సరస్సు నీళ్లు చల్లనివి, సెకనుకు 1,435 మీటర్లు తేలింది. గొట్టం, చెవి, ఓపిక. అంతకన్నా పెద్ద పరికరం లేదు.

కానీ నీళ్లలో పుట్టిన చప్పుడు నీళ్లు దాటి బయటికి రాదు. బయటి చప్పుడు లోపలికీ పోదు. గాలీ నీళ్లూ కలిసే ఆ పైపొర దగ్గర చప్పుడు శక్తిలో వెయ్యి వంతుల్లో ఒక వంతు మాత్రమే అవతలికి దాటుతుంది, మిగతాదంతా వెనక్కి తిరిగిపోతుంది. అందుకే తాతకు తెడ్డు కావాల్సివచ్చింది. కర్ర ఆ పొరను దాటించే వంతెన. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరమవుతుంది.

మరి వాగు గలగల ఎక్కడిది అని ఒక పిల్ల అడిగింది. మంచి ప్రశ్న. నీళ్లు రాళ్లకు తగిలి మోగుతాయని మేమూ అనుకునేవాళ్లం. నిజానికి మోగేది బుడగ. దూకే నీళ్లు గాలిని లోపలికి లాక్కుపోతాయి, ఆ గాలి ముద్ద నీళ్లలో చిక్కి ఒకసారి కుంచించుకుని ఒకసారి ఉబ్బుతూ గంటలా మోగుతుంది. మినార్ట్ అనే నెదర్లాండ్స్ ఖగోళ శాస్త్రజ్ఞుడు 1933లో దీని లెక్క కట్టాడు. సుమారు మూడు మిల్లీమీటర్ల వ్యాసార్థం ఉన్న బుడగ సెకనుకు వెయ్యిసార్లు ఉబ్బి తగ్గుతుంది. బుడగ చిన్నదైతే స్వరం సన్నం, పెద్దదైతే బొంగురు. బిందె నిండేటప్పుడు వినిపించే చప్పుళ్లలో కొంత ఈ బుడగలదే.

ఇంకో ఆట కూడా తరగతిలో బాగా పండింది. స్టీలు గ్లాసులో నీళ్లు పోసి, చెంచాతో గ్లాసు అడుగున తట్టాలి. టింగ్ అంటుంది. ఒక ఈనో ప్యాకెట్ వేసి వెంటనే తట్టాలి. టింగ్ కాస్తా టుంగ్ అవుతుంది. బుడగలు పైకి పోతున్నకొద్దీ స్వరం మళ్లీ మెల్లగా పైకి ఎక్కుతుంది. నీళ్లలో నూటికి ఒక వంతు సన్నటి బుడగలు కలిసినా చాలు, చప్పుడు వేగం గాలిలో ఉన్నంత కూడా ఉండదు, సెకనుకు నూరు మీటర్ల చిల్లరకు పడిపోతుంది. గాలిలో అంత, నీళ్లలో అంత, రెండూ కలిస్తే రెంటికన్నా తక్కువ! ఈనో ఖర్చు అయిదారు ప్యాకెట్లు. హెడ్‌మాస్టర్ గారు బిల్లు చూసి "ఎవరికి సార్ అజీర్ణం?" అని అడిగారు.

వెలుగు సంగతికొస్తే, గిన్నె-నాణెం ఆట మీలో చాలామంది సార్లు, మేడంలు చూపించే ఉంటారు. గిన్నెలో నాణెం వేసి, అది అంచు చాటున కనపడకుండా పోయేంత వెనక్కి జరిగి, నీళ్లు పోయిస్తే నాణెం పైకి తేలివచ్చినట్టు కనిపిస్తుంది. వెలుగు గాలిలో సెకనుకు మూడు లక్షల కిలోమీటర్లు పోతుంది, నీళ్లలో రెండుంపావు లక్షలే. నీళ్లలో నుంచి గాలిలోకి వచ్చేటప్పుడు వంగుతుంది. కంటికి ఆ వంపు తెలియదు, తిన్నగా వచ్చిందనుకుని చూస్తుంది. అందుకని నిటారుగా పైనుంచి చూస్తే లోతు ముప్పావు వంతే కనిపిస్తుంది. ఏటవాలుగా చూస్తే అంతకన్నా తక్కువ. వక్రీభవనం పెద్ద తరగతుల పాఠం. అయినా ఏటా ఈ ఆట చూపించడం మాకు అలవాటు. పిల్లలు చప్పట్లు కొడతారు, మాకూ సంతోషం. కరోనాకు ముందటి ఏడాది మార్చిలో కూడా చూపించాం, చప్పట్లు కొట్టించుకున్నాం.

ఆ ఏడాది ఆరో తరగతిలో ఒక పిల్లవాడు చేరాడు. మల్కన్‌గిరి నుంచి వచ్చాడు. తల్లిదండ్రులు ఇటుక బట్టీలో పని. తెలుగు రాదు, హిందీ అంతంతమాత్రం. రెండో రోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర చేయి చాచి "ఏరు" అన్నాడు. పక్క పిల్లలు నవ్వారు. మా ఆవిడ చేతిలో గంటె ఆగిపోయింది. ఆమె వాడికి మా భాషలో జవాబు చెప్పింది. వాడి కోయకూ మా కోయకూ తేడా ఉంది, సగం మాటలు కలుస్తాయి, సగం కలవవు. అయినా వాడి మొహం చూడాలి. ఆ రోజు నుంచి ఆమె వెనకాలే తిరిగేవాడు, బడిలో మేడం, బయట అక్క. శబరి ఒడ్డున పెరిగినవాడు. ఈటెతో చేప కొట్టడం తెలుసు. నాణెం ఆట చూపించినప్పుడు చప్పట్లు కొట్టనిది వాడొక్కడే. "ఇది అందరికీ తెలిసిందే కదా, చేప కనపడ్డ చోట కొట్టకూడదు, దాని కింద కొట్టాలి" అన్నాడు. మా ఆవిడ దాన్ని తెలుగులో చెప్తే తరగతి వింది. మేము "సరే, బాగుంది" అని పాఠం ముగించి గంట కొట్టించాం. అక్కడే తప్పు చేశాం. గిన్నె దగ్గర ఆపేశాం.

పటాన్‌చెరు చుట్టుపక్కల రాతి క్వారీలు చాలా ఉన్నాయి. హైదరాబాద్ మేడలకు కంకర ఇక్కడి గుట్టలు తవ్విందే. తవ్వి వదిలేసిన గుంతల్లో వాన నీళ్లు నిలుస్తాయి. చెరువులన్నీ నురుగుతో, వాసనతో ఉంటే ఈ క్వారీ నీళ్లు నీలి పచ్చగా, తేటగా మెరుస్తుంటాయి. సముద్రం నీలం ఆకాశం నీడేనని ఒకప్పుడు అనుకునేవారు. 1921లో ఓడ ప్రయాణంలో మధ్యధరా సముద్రాన్ని చూసిన సి. వి. రామన్, నీటి అణువులే వెలుగును చెదరగొడతాయని ఆ తర్వాత చూపించాడు. ఆయన చిన్నప్పుడు విశాఖపట్నంలో చదివినవాడే. నీళ్లు ఎరుపును మింగి నీలాన్ని మిగులుస్తాయి కూడా. రాతి పొడి సన్నగా కలిస్తే క్వారీకి ఆ పచ్చ మెరుపు వస్తుంది. ఎండాకాలం పిల్లలకు అదే స్వర్గం. బస్తీలో ట్యాంకరు వచ్చేది రెండు రోజులకొకసారి మరి.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం మా బడి పిల్లలు అయిదుగురు ఒక పాత క్వారీకి పోయారు. అందులో ఏడో తరగతి పిల్లవాడు, ఎర్ర చొక్కా వేసుకున్నాడు, ఒక రాతి మెట్టు మీద నిలబడి చూశాడు. పక్కన అడుగు కనిపిస్తోంది. నడుము లోతేననుకున్నాడు. కాలు పెట్టాడు. అక్కడ అడుగు లేదు. పెద్ద పెద్ద పలకరాళ్లు మెట్లు మెట్లుగా కోసిన గుంత అది, ఒక మెట్టు తర్వాత నిలువునా దిగిపోతుంది. వాడికి ఈత రాదు.

మిగతా పిల్లలు ఒడ్డు మీద నిలబడి వాడి పేరు పెట్టి అరిచారు. ఆ అరుపు వాడికి చేరదు. ఇందాక చెప్పిన పైపొర దాన్ని వెనక్కి తిప్పేస్తుంది. ఎర్ర చొక్కా కోసం వెతికారు. ఎర్రది కనపడలేదు. మూడు నాలుగు నిలువుల లోతుకు పోయేసరికి ఎరుపు నల్లబడిపోతుంది. కింద నల్ల రాళ్లలో ఇంకో నల్ల మచ్చ అయిందది. ఒక పెద్ద పిల్లవాడు మచ్చ చూసి దూకాడు, చేయి చాపాడు, అందలేదు. కనపడిన చోటే మనిషి ఉన్నాడనుకున్నాడు. ఊపిరి చాలక పైకొచ్చేశాడు.

మల్కన్‌గిరి పిల్లవాడు దూకలేదు. నీళ్లపై బుడగలు చూస్తూ నిలబడ్డాడు. ఇది మాకు తర్వాత వాడే చెప్పాడు. పారే నీళ్లలో బుడగను నమ్మకూడదు, అది కొట్టుకుపోతుంది, ఎగువకు వెతకాలి. నిలబడ్డ నీళ్లలో బుడగ నిటారుగా లేస్తుంది. వాడు బుడగలు లేచిన చోటికి ఈది, తలకిందులుగా తిరిగి, కళ్లకు కనిపించే దాన్ని లెక్కచేయకుండా నిలువునా కిందికి పోయాడు. మచ్చ దగ్గరికి వచ్చిందనుకున్నా ఇంకా పోయాడు. జుట్టు చేతికందింది.

మేము తర్వాత లెక్క వేసుకున్నాం. వేయకుండా ఉండలేకపోయాం. ఆ చోట లోతు ఆరు మీటర్లు అనుకుంటే, అడుగు నుంచి వెలుగు రావడానికి పట్టే కాలం లెక్కలోకే రాదు. చప్పుడు సెకనులో రెండు వందల యాభయ్యో వంతులో పైపొర దాకా వస్తుంది, అక్కడే ఆగిపోతుంది. బుడగ సెకనుకు పావు మీటరు, కాస్త పెద్దదైతే ఇంకొంచెం ఎక్కువ వేగంతో ఎక్కుతుంది. ఆరు మీటర్లకు ఇరవై సెకన్లకు పైన. పైకొస్తూ ఉబ్బుతుంది, ఎందుకంటే పైన నీళ్ల బరువు తగ్గుతూ వస్తుంది. వెలుగు ముందొచ్చింది, తప్పు చోటు చూపించింది. చప్పుడు వచ్చింది, గడప దాటలేదు. బుడగ అందరికన్నా ఆలస్యంగా వచ్చింది, ఒడ్డుమీది వాళ్లకు కనపడ్డ బుడగ ఇరవై సెకన్ల కిందటి ఊపిరి. కానీ సరైన చోటు చెప్పింది అదొక్కటే. వాడు దాన్ని నమ్మాడు.

పిల్లవాడు బతికాడు. దారిన పోయే లారీ డ్రైవరు ఎక్కించుకుని దవాఖానకు చేర్చాడు. నాలుగు రోజులు ఉంచి పంపారు. చాలా క్వారీల కథలు ఇలా ముగియవని ఇక్కడి పేపర్లు చదివే ఎవరికైనా తెలుసు.

అసలు కష్టం సోమవారం మొదలైంది. బడికి తల్లిదండ్రులు వచ్చారు. క్వారీకి ఎవరు తీసుకుపోయారు అని విచారణ. అయిదుగురిలో నలుగురు తెలుగు, హిందీ బాగా మాట్లాడగలరు. అయిదోవాడు మాట్లాడలేడు. సాయంత్రానికి తేలిందేమిటంటే, అందర్నీ నీళ్లకు తీసుకుపోయింది వాడేనని. "అడివి పిల్లలు సార్, నీళ్లు కనవడితే ఆగరు" అని ఒకరన్నారు. కాపాడిన సంగతి ఎవరూ ఎత్తలేదు. బడి పెద్దలు మమ్మల్ని పిలిచి, ఈ సంగతి పెద్దది చేయొద్దని, పోలీసుల దాకా పోతే బడికే చెడ్డపేరని చెప్పారు. వాడి పేరు కొట్టేయడమే అందరికీ మంచిదన్నారు.

మేము ఆ గదిలో ఏమన్నామో రాయాలి. ఏమీ అనలేదు. మా ఆవిడ లేవబోయింది, కూర్చోమన్నట్టు చూశాం. ఇంటద్దె, ఇద్దరి జీతాలూ అక్కడే, మా పిల్లల ఫీజు మాఫీ. లెక్క చాలా తొందరగా వేసుకున్నాం, బుడగ పైకి వచ్చేలోపే. ఇంటికి వచ్చాక ఆమె రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు "ఒకటో తరగతిలో నవ్వినోళ్లలో మనమూ కలిసినం" అంది. ఆమె ఒక్కతే ఇటుక బట్టీకి పోయింది. అప్పటికే ఆ కుటుంబం సామాను కట్టుకుని ఇంకో బట్టీకి పోయింది. ఎక్కడికో మేస్త్రీకి తెలుసు గానీ చెప్పలేదు. మరుసటి ఏడాది లాక్‌డౌన్ వచ్చింది, బట్టీల వాళ్లు గుంపులు గుంపులుగా రోడ్డు మీద నడిచి పోతుంటే ఇద్దరం రోడ్డు పక్కన మజ్జిగ బిందె పెట్టుకుని ప్రతి మొహమూ చూశాం. వాడు కనపడలేదు.

బడి తెరిచాక మేము చేయగలిగింది చేశాం. అది పెద్దదేమీ కాదు. ఒక శనివారం పెద్ద తరగతుల పిల్లల్ని తీసుకుని, నలుగురు తల్లిదండ్రుల్ని, రెండు లారీ ట్యూబుల్ని వెంటబెట్టుకుని అదే క్వారీకి పోయాం. అనుమతి అడిగితే రాదని తెలుసు, అడగలేదు. ఎవరినీ అంచుకు పోనివ్వలేదు. అడుగుకొక ముడి వేసిన తాడుకు రాయి కట్టాం. ముందు ప్రతి ఒక్కరూ లోతు ఎంతో ఊహించి చీటీ మీద రాయాలి. నలభై ఒక్క చీటీలు. ఎక్కువమంది ఎనిమిది, తొమ్మిది అడుగులు రాశారు. ఒక తండ్రి, క్వారీలోనే పనిచేసినాయన, పన్నెండు రాశాడు. తాడు వదిలితే ముడులు లెక్కపెడుతూ పిల్లలు గట్టిగా అరిచారు. తొమ్మిది దగ్గర అరుపు తగ్గింది. పన్నెండు దాటాక ఎవరూ అరవలేదు. పంతొమ్మిదో ముడి దగ్గర తాడు వదులైంది.

తర్వాత ఒక పొడుగాటి వెదురు కర్రను నీళ్లలోకి దించి, ఒక్కొక్కరినీ చెవి పెట్టమన్నాం. అవతలి ఒడ్డున మా ఆవిడ రెండు రాళ్లు నీళ్లలో ముంచి కొట్టింది. చెవి పెట్టినవాళ్లు ఉలిక్కిపడ్డారు. చెవి పెట్టనివాళ్లు ఏమైందిరా అని అడిగారు. తాత సంగతి చెప్పాం. మల్కన్‌గిరి పిల్లవాడి సంగతి కూడా చెప్పాం, పేరుతో సహా, ఎవరు ఎవర్ని కాపాడారో సహా. అప్పటి ఎర్ర చొక్కా పిల్లవాడు ఆ గుంపులోనే ఉన్నాడు, ఇప్పుడు పెద్ద తరగతి. తలవంచుకుని నిలబడి, చివరికి "అవును సార్, వాడే" అన్నాడు. ఈ మాట ఆ సోమవారం మేము అనాల్సింది.

పిల్లలు ఒక పాత తలుపు చెక్క తెచ్చారు. నీళ్లు తొమ్మిది అడుగులు కనిపిస్తాయి, పంతొమ్మిది ఉన్నాయి అని తెలుగులో, హిందీలో, ఒడియాలో రాశారు. కింద చోటు మిగిలితే మా ఆవిడ కోయలో కూడా రాయించింది, తెలుగు అక్షరాల్లోనే. ఏరు అన్న మాట దగ్గర ఒక పిల్ల "ఇది తప్పు కదా మేడం, ఇది క్వారీ" అంది. తప్పు కాదని చెప్పి అలాగే ఉంచాం. చెక్కను రెండు కొయ్యలకు కొట్టి దారి మలుపులో పాతాం. దసరా దాకా ఉంది. తర్వాత ఎవరో పొయ్యిలోకి తీసుకుపోయారు. ఈ ఎండాకాలం రాకముందే ఇంకోటి రాయాలి, ఈసారి రేకు మీద.